కాగితం ఉన్నా "పేపర్ లేదు" అంటుంటే: బేసిక్‌లో ఒక్క స్టేటస్ బిట్టును చదవడం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పాత జీడబ్ల్యూ-బేసిక్ (డాస్ పీసీల్లో నడిచే మైక్రోసాఫ్ట్ బేసిక్ భాష) బిల్లింగ్ ప్రోగ్రాములో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు సంగతి తెలుసుకోవడానికి ఇలా రాశారు:

ఇఫ్ ఐఎన్‌పీ(889) అండ్ 32 = 32 దెన్ ప్రింట్ "పేపర్ లేదు"

కాగితం నిండుగా ఉన్నా మెసేజ్ వస్తోంది. పోనీ అని "= 0 దెన్ ప్రింట్ పేపర్ ఉంది" అని తిప్పి రాస్తే, కాగితం పెట్టినా తీసినా ఆ లైనులో కదలిక లేదు. పోర్టు పోయిందా, కేబులు పోయిందా అని అడిగారు. ఇదే పద్ధతి కమడోర్ 64, స్పెక్ట్రమ్ అనే పాత ఇంటి కంప్యూటర్ల ఎమ్యులేటర్లలో (వాటిని అనుకరించే ప్రోగ్రాముల్లో) కూడా నడుస్తుందా అని ఇంకో ప్రశ్న. (కీవర్డులు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టైపు చేసేది మామూలుగానే. ఐఎన్‌పీ(889) అంటే ప్రింటరు స్థితి చెప్పే 889 నంబరు పోర్టు నుంచి ఒక బైటు, అంటే ఎనిమిది బిట్లు, చదవడం. అండ్ రెండు సంఖ్యల్లోనూ 1గా ఉన్న బిట్లనే మిగులుస్తుంది. 32 ఆ బైటులో కాగితం బిట్టు బరువు.)

పోర్టుకీ కేబులుకీ ఏమీ కాలేదు. లేనిదల్లా ఒక జత బ్రాకెట్లు.

ఇఫ్ (ఐఎన్‌పీ(889) అండ్ 32) = 32 దెన్ ప్రింట్ "పేపర్ లేదు"

ఇలా రాస్తే పని చేస్తుంది. ఎందుకో కూడా చూడండి, లేకపోతే రేపు ఇంకో చోట ఇదే తగులుతుంది. బేసిక్ ముందు కూడికలు, గుణకారాలు చేస్తుంది, తర్వాత =, <, > లాంటి పోలికలు చూస్తుంది, అవన్నీ అయ్యాకే నాట్, అండ్, ఆర్ జోలికి వస్తుంది. అంటే మీ లైనులో ముందు తేలేది 32 = 32. అది నిజమే కదా. మైక్రోసాఫ్ట్ బేసిక్‌లో నిజం విలువ -1, అబద్ధం విలువ 0. -1 అంటే పదహారు బిట్లూ 1లే. దానితో దేన్ని అండ్ చేసినా అదే తిరిగొస్తుంది. పోర్టు 223 ఇస్తే ఫలితమూ 223. ఇఫ్‌కి సున్నా కానిదంతా నిజమే, కాబట్టి మెసేజ్ ప్రతిసారీ వస్తుంది. తిప్పి రాసిన లైనులో 32 = 0 అబద్ధం, విలువ 0. దానితో అండ్ చేస్తే పోర్టులో ఏమున్నా ఫలితం 0. అందుకే అది ఎప్పటికీ కదలదు. రెండు లక్షణాలూ మీరు రాయడం మంచిదైంది. ఒకటి ఎప్పుడూ నిజం, దాని తిరగేత ఎప్పుడూ అబద్ధం అయితే ముందు బ్రాకెట్లే చూడాలి, స్క్రూడ్రైవరు తర్వాత.

బ్రాకెట్లు పెట్టినా పట్టుకునే మరో ఉచ్చు నాట్. "ఇఫ్ నాట్ (ఐఎన్‌పీ(889) అండ్ 32) దెన్" అని రాస్తే చదవడానికి బాగుంటుంది, పని మాత్రం చేయదు. బిట్టు 0 అయితే నాట్ 0 = -1, నిజం. బిట్టు 1 అయితే లోపలి విలువ 32, నాట్ 32 = -33, అదీ నిజమే. ఈ బేసిక్‌లో నాట్ "కాదు" అనదు, బిట్లన్నిటినీ తిరగేస్తుంది, అంతే. కాబట్టి బిట్టు 0గా ఉందా అని అడగాలంటే ఎప్పుడూ "= 0" అనే రాయండి.

ఇప్పుడు 889లో వచ్చే సంఖ్య సంగతి. సిద్ధంగా ఉన్న ప్రింటరుకి చాలా పీసీల్లో 223 వస్తుంది. 223 రూపాయలు పెద్ద నోటు మొదలుకొని లెక్కపెట్టినట్టు విడదీయండి: 128 పోతే 95, 64 పోతే 31. 31లో 32 పోదు, కాబట్టి ఆ బిట్టు 0. 16 పోతే 15, 8 పోతే 7, మిగిలింది 4, 2, 1. అంటే పైనుంచి 1 1 0 1 1, కింద మూడు 1లు.

పై అయిదు బిట్లూ నేరుగా ప్రింటరు కేబులులోని తీగలే. బిట్లని కింది నుంచి 0 మొదలుకొని లెక్కపెడతారు. 32 బరువున్న బిట్ 5 పన్నెండో పిన్ను, పేపర్ అవుట్. 1 అయితే కాగితం అయిపోయినట్టు. బిట్ 4 పదమూడో పిన్ను, ప్రింటరు ఆన్‌లైన్‌లో ఉంటే 1. బిట్ 3 పదిహేనో పిన్ను, ఎర్రర్. ఇది తలకిందులు: 0 అయితేనే లోపం ఉన్నట్టు. బిట్ 6 పదో పిన్ను, అక్నాలెడ్జ్ (అక్షరం అందిందనే సంకేతం), దానికీ 0 వచ్చినప్పుడే అర్థం. బిట్ 7 పదకొండో పిన్ను, బిజీ. దీని దగ్గరే అందరూ తికమక పడేది. తీగ మీద బిజీ అంటే 1. కానీ పీసీ ప్రింటరు కార్డులో ఆ ఒక్క తీగనీ తిరగేసి రిజిస్టరులోకి, అంటే 889లో మీరు చదివే బైటులోకి, పంపుతారు. అందుకని మీకు కనిపించే బిట్టు 1 అయితే ప్రింటరు ఖాళీ, 0 అయితే బిజీ. ప్రింటరు మాన్యువల్ చదివి ప్రోగ్రాము రాసినవాళ్లకి ఈ బిట్టు ఉల్టా వచ్చేది ఇందుకే. మాన్యువల్ చెప్పేది తీగ గురించి, మీరు చదివేది రిజిస్టరుని.

కింద మూడు బిట్లను మొదటి కార్డులు వాడుకోలేదు. అవి 1లుగా రావచ్చు, 0లుగా రావచ్చు. ఒక మెషీన్లో 223 వచ్చేచోట ఇంకో మెషీన్లో 216 వస్తుంది. పాత లిస్టింగుల్లో "ఇఫ్ ఐఎన్‌పీ(889) = 223" అని కనిపిస్తే ఆ ప్రోగ్రాము రాసినాయన దగ్గర ఒక్కటే పీసీ ఉండేదని అనుకోవచ్చు. పూర్తి బైటుని దేనితోనూ పోల్చకండి. మీకు కావలసిన బిట్ల బరువులు కూడి, వాటిని మాత్రమే జల్లెడ పట్టి, తర్వాత పోల్చండి. బిజీ, పేపర్, ఆన్‌లైన్, ఎర్రర్ నాలుగూ ఒకేసారి చూడాలంటే 128 + 32 + 16 + 8 = 184. వాటిలో 1గా ఉండాల్సినవి 128, 16, 8, మొత్తం 152. కాబట్టి:

ఎస్ = ఐఎన్‌పీ(889)
ఇఫ్ (ఎస్ అండ్ 184) = 152 దెన్ 500

500లో ముద్రణ మొదలుపెట్టండి. కాకపోతే కింద లైన్లలో ఎస్ అండ్ 32, ఎస్ అండ్ 16 విడివిడిగా చూసి ఏ మెసేజ్ ఇవ్వాలో తేల్చుకోండి. ప్రింటరు స్విచ్ ఆపేసి ఉంటే వచ్చే సంఖ్య కార్డునిబట్టి, ప్రింటరునిబట్టి మారుతుంది. మీ దానికి ఏమొస్తుందో ఒకసారి స్క్రీన్ మీద వేయించి చూసుకోండి.

889 అన్నది కూడా అన్ని పీసీల్లో ఒకటి కాదు. పాత మోనోక్రోమ్ డిస్‌ప్లే కార్డు మీదున్న ప్రింటరు పోర్టుకి స్టేటస్ 957. ఊహించనక్కర్లేదు, బయోస్ (పీసీని మొదలుపెట్టే ప్రోగ్రాము) బూట్ అయ్యేటప్పుడే పోర్టు మొదటి అడ్రసు మెమరీలో రాసిపెడుతుంది, పీక్ మెమరీలోని బైటుని చదువుతుంది:

డెఫ్ సెగ్ = 64
పీ = పీక్(8) + 256 * పీక్(9)

పీ 888 వస్తే స్టేటస్ 889, పీ 956 వస్తే స్టేటస్ 957. 0 వస్తే మొదటి ప్రింటరు పోర్టే లేదని.

ఇంత చెప్పాక ఒక మాట. మీకు కావలసింది బిల్లు మధ్యలో కాగితం అయిపోతే ప్రోగ్రాము చచ్చిపోకుండా ఉండటమే అయితే, పోర్టుతో పని లేదు. "ఆన్ ఎర్రర్ గోటూ" పెట్టి ఎర్రర్ నంబరు చూడండి. కాగితం అయిపోతే 27, ప్రింటరు జవాబివ్వకపోతే 24, మరే లోపమైనా 25. మెసేజ్ ఇచ్చి, ఆపరేటరు కాగితం పెట్టాక "రెజ్యూమ్" అనొచ్చు. మూడు పొరల కార్బన్ కాగితం మీద బిల్లులు కొట్టే కొట్లలో నేను ఇదే పెట్టేవాణ్ణి. అయితే డాట్ మ్యాట్రిక్స్‌లో కాగితం పసిగట్టే స్విచ్ ముద్రించే తలకన్నా వెనక ఉంటుంది. కాగితం తోక స్విచ్ దాటినా తల కింద ఇంకా కాస్త మిగిలే ఉంటుంది, ప్రింటరు మాత్రం ఆగిపోతుంది. బిల్లు సగంలో తెగడం ఇష్టం లేని చోట, ప్రతి బిల్లుకీ ముందు 889 చూసుకోవడమే మేలు. రెండూ కలిపి వాడితే ఇంకా నయం.

బిట్టు మారేదాకా ఆగాలంటే గోటూ పెట్టి తిరగనక్కర్లేదు, "వెయిట్" ఉంది. వెయిట్ 889,128 అంటే పోర్టుని చదువుతూ, 128తో అండ్ చేస్తూ, సున్నా కానిది వచ్చేదాకా ఆగుతుంది. 0 అయ్యేదాకా ఆగాలంటే మూడో అంకె కావాలి. వెయిట్ 889,32,32 అంటే చదివినదాన్ని ముందు 32తో ఎక్సార్ చేసి, అంటే ఆ బిట్టుని తిరగేసి, తర్వాత అండ్ చేస్తుంది. కాగితం పెట్టేదాకా ఆగుతుందన్నమాట.

ఈ మూడో అంకె ఎందుకొచ్చిందో 1975 నాటి ఆల్టెయిర్ అనే తొలి తరం మైక్రోకంప్యూటర్‌ని చూస్తే తెలుస్తుంది. ఐఎన్‌పీ, వెయిట్ రెండూ అక్కడి బేసిక్‌లోనివే. ఆ మెషీన్‌కి టెలిటైపు (టైపురైటరు లాంటి టెర్మినల్) తగిలించే సీరియల్ కార్డులే ఒకదానితో ఒకటి పొసగవు. మొదటి తరహా ఎస్ఐఓ కార్డు సరిదిద్దిన రూపంలో స్టేటస్ పోర్టు 0, అక్షరం వచ్చిందంటే బిట్ 0 సున్నా అవుతుంది. తర్వాతి 2ఎస్ఐఓ కార్డులో మోటరోలా 6850 చిప్పు, స్టేటస్ పోర్టు 16, అక్షరం వస్తే బిట్ 0 ఒకటి అవుతుంది. మొదటిదానికి వెయిట్ 0,1,1 అనాలి, రెండోదానికి వెయిట్ 16,1 చాలు. ఒకే కమాండుతో రెండు రకాల హార్డ్‌వేరూ నడవాలంటే తిరగేసే సదుపాయం లేక తప్పదు.

వెయిట్‌తో చిక్కల్లా అది అలిగి కూర్చుంటే లేవదు. ప్రింటరు పాడైతే ప్రోగ్రాము అక్కడే. జీడబ్ల్యూ-బేసిక్‌లో కంట్రోల్-బ్రేక్ ఉంది. కమడోర్ 64లో అయితే స్టాప్ ఒక్కటీ సరిపోదు, రిస్టోర్ కూడా కలిపి కొట్టాలి. ఇంకొకళ్లు వాడే ప్రోగ్రాములో వెయిట్ పెట్టకండి. టైమర్ చూస్తూ పది సెకన్లు తిరిగి, అప్పటికీ రాకపోతే మెసేజ్ ఇచ్చే లూపే పెట్టండి.

ఇక మీ రెండో ప్రశ్న. కమడోర్ 64లో అంతా మీకు తెలిసినట్టే, ఐఎన్‌పీ బదులు పీక్, అంతే తేడా. అక్కడి చిప్పులు మెమరీ అడ్రసుల్లోనే ఉంటాయి. రెండో జాయ్‌స్టిక్ పోర్టు 56320. ముట్టుకోకుంటే 127, ఫైర్ నొక్కితే 16 తగ్గి 111. పైకి 1, కిందికి 2, ఎడమకి 4, కుడికి 8. నొక్కితే 0 అన్నమాట, తలకిందులే. (పీక్(56320) అండ్ 16) = 0 అయితే ఫైర్. అక్కడి బేసిక్‌లో ఎక్సార్ లేదు, వెయిట్ లోపల దాక్కున్న ఆ ఒక్కటి తప్ప. అండ్‌కి ఇచ్చే సంఖ్య 32767 దాటకూడదు. రెండు బైట్లు కలిపి పెద్ద సంఖ్య చేసి అండ్ చేయబోతే ఇల్లీగల్ క్వాంటిటీ అని తిడుతుంది, జీడబ్ల్యూ-బేసిక్ ఓవర్‌ఫ్లో అంటుంది. బైట్లు విడివిడిగానే జల్లెడ పట్టండి.

స్పెక్ట్రమ్ దగ్గరకొచ్చేసరికి కథ మారుతుంది. సింక్లెయిర్ బేసిక్‌లో అండ్ ఉంది కానీ అది బిట్లని చూడదు. "ఏ అండ్ బీ" అంటే బీ సున్నా కాకపోతే ఏ, సున్నా అయితే 0. 223 అండ్ 32 అని అడిగితే 223 అంటుంది. విచిత్రమేమిటంటే సంఖ్యని బైనరీలో రాయడానికి బిన్ అనే కీవర్డు ప్రత్యేకంగా ఇచ్చారు, ఆ బిట్లని విడదీసే దారి మాత్రం ఇవ్వలేదు. అటారీ 400, 800ల్లోని బేసిక్‌లోనూ, ఆపిల్ 2లోని ఆపిల్‌సాఫ్ట్‌లోనూ అండ్ ఇలా నిజం-అబద్ధాలకే పనికొస్తుంది, ఫలితం 1 లేదా 0. ఈ మూడింటిలోనూ భాగహారమే దిక్కు. బిట్ బరువు డబ్ల్యూ అనుకుంటే:

బీ = ఇంట్(ఎక్స్/డబ్ల్యూ) - 2 * ఇంట్(ఎక్స్/(2*డబ్ల్యూ))

223లో 32 బిట్టు: 223/32లో పూర్ణాంకం 6, 223/64లో 3, 6 - 6 = 0. 16 బిట్టు: 13 - 12 = 1. డబ్ల్యూ బదులు 2 ఘాతం ఎన్ (ఎన్ అంటే బిట్ నంబరు) అని రాయకండి. ఘాతాలని ఇలాంటి బేసిక్‌లు లాగరిథమ్‌లతో లెక్కకడతాయి, నెమ్మది, పైగా చివర్లో చిన్న తేడా వస్తే ఇంట్ ఒకటి తక్కువ ఇచ్చేస్తుంది. బరువులు నేరుగా సంఖ్యలుగానే రాయండి.

స్పెక్ట్రమ్‌లో కీబోర్డుని ఇన్ ఫంక్షన్‌తో చదువుతారు. స్పేస్ ఉన్న వరస 32766, స్పేస్‌ది బిట్ 0, నొక్కితే 0. బిట్ 0కి పై సూత్రం కూడా అక్కర్లేదు, సరిసంఖ్యా బేసిసంఖ్యా చూస్తే చాలు:

లెట్ ఏ = ఇన్ 32766
ఇఫ్ ఏ = 2*ఇంట్(ఏ/2) దెన్ ప్రింట్ "స్పేస్"

ఒక్కో వరసలో కీలవి కింద అయిదు బిట్లే. బిట్ 6 క్యాసెట్ నుంచి వచ్చే ఇయర్ తీగ. 1982లో వచ్చిన తొలి మెషీన్లలో ఏ కీ నొక్కకుంటే ఆ బిట్ 1, మొత్తం 255. తర్వాత సర్క్యూట్ మార్చిన ఇష్యూ 3 బోర్డుల్లో అది 0, మొత్తం 191. 255తో పోల్చి "ఏ కీ నొక్కలేదు" అని తేల్చుకునే ఆటలు కొత్త మెషీన్లో ఎవరో కీ నొక్కి పట్టుకున్నారని భ్రమపడ్డాయి. కింద అయిదు బిట్లని మాత్రమే చూసిన ప్రోగ్రాములకి ఏమీ కాలేదు. ఇప్పటి ఎమ్యులేటర్లలో కొన్నిటికి సెట్టింగుల్లో ఇష్యూ 2 కీబోర్డు అని ఒక టిక్కు ఉండటానికి కారణం ఇదే.

ఆపిల్ 2లో బిట్లు విడదీసే అండ్ లేకపోయినా పెద్దగా ఎవరూ బాధపడలేదు, ఎందుకంటే హార్డ్‌వేరు వైపు నుంచే దారి చూపారు. కీబోర్డు -16384, జాయ్‌స్టిక్ బటన్ -16287, అన్నిటికీ స్టేటస్ బిట్ 7లోనే. 6502 ప్రాసెసరు ఏదైనా బైటుని చదవగానే బిట్ 7ని నెగెటివ్ ఫ్లాగులోకి ఎత్తుకుంటుంది, మెషీన్ కోడ్‌లో వెంటనే దారి మళ్లొచ్చు. బేసిక్‌లో ఆ బిట్టు ఒకటా అని అడగడమంటే పీక్(-16287) > 127 అని అడగడమే. కింద ఏడు బిట్లలో చెత్త ఉన్నా ఫరవాలేదు, బటన్ అడ్రసులో నిజంగానే చెత్త ఉంటుంది. అడ్రసులు మైనస్‌లో ఎందుకంటే ఆపిల్ 2 రూపకర్త వాజ్నియాక్ రాసిన ఇంటీజర్ బేసిక్‌కి 32767 దాటిన సంఖ్య తెలియదు. అలవాటు ఆపిల్‌సాఫ్ట్‌లోనూ మిగిలిపోయింది. నాకు నచ్చిన డిజైన్ ఇదే.

ఇంకో సంగతి ఏ మెషీన్‌కైనా వర్తిస్తుంది: కొన్ని స్టేటస్ రిజిస్టర్లు చదవగానే చెరిగిపోతాయి. కమడోర్ 64లో 53278, ఏ స్ప్రైటు (తెర మీద కదిలే బొమ్మ) ఏ స్ప్రైటుని తగిలిందో చెప్పే రిజిస్టరు, అలాంటిది. "ఇఫ్ పీక్(53278) అండ్ 1 దెన్..." అని ఒక లైనూ, "ఇఫ్ పీక్(53278) అండ్ 2 దెన్..." అని కింది లైనూ రాస్తే, మొదటి లైను చదవడంతోనే రెండో లైనుకి కావలసిన సమాచారం పోయింది. పీసీ సీరియల్ పోర్టు లైన్ స్టేటస్ 1021లోనూ అంతే. అక్షరం వచ్చిందని చెప్పే బిట్ 0 అక్షరం తీసుకునేదాకా ఉంటుంది, పక్కనున్న ఎర్రర్ బిట్లు మాత్రం ఒక్కసారి చదవగానే పోతాయి. అందుకే పైన మీ ప్రింటరు లైనులో కూడా ముందు ఎస్‌లోకి తీసుకున్నాను. ఒక్కసారి చదవండి, వేరియబుల్‌లో పెట్టుకోండి, తర్వాత దాన్ని ఎన్నిసార్లు జల్లెడ పట్టినా ఇబ్బంది లేదు. ప్రింటరు రిజిస్టరు చెరిగిపోయేది కాకపోయినా, రెండు సార్లు చదివితే మధ్యలో బిజీ మారిపోయి రెండు లైన్లూ రెండు మాటలు చెప్పొచ్చు.

బేసిక్ ఎంత నెమ్మదో కూడా మనసులో ఉంచుకోండి. ఒక్కో స్టేట్‌మెంటు మిల్లీసెకన్లలో నడిచే చోట, కొన్ని మైక్రోసెకన్లే ఉండే అక్నాలెడ్జ్ పల్స్ మీ కంటపడదు. బిట్ 6ని వదిలేయండి. కాగితం, ఆన్‌లైన్, బటన్లు లాంటి తీరుబడి బిట్లే మనకి. సీజీఏ (పాత పీసీ రంగుల డిస్‌ప్లే కార్డు) స్క్రీన్ రీట్రేస్, అంటే తెర గీయడం అయ్యి కిరణం మళ్లీ పైకి వెళ్లే క్షణం, లాంటిదానికైతే వెయిట్ 986,8 వాడొచ్చు. దాని లూపు ఇంటర్‌ప్రెటరు లోపల మెషీన్ కోడ్‌లో తిరుగుతుంది కాబట్టి అందుకుంటుంది.

చివరగా, ఇది ఏ పీసీ మీద నడుపుతున్నారో రాయలేదు. యూఎస్‌బీ ప్రింటరైతే 889లో దాని జాడే ఉండదు. ఎమ్యులేటరులో ప్రింటరు పోర్టు పెట్టకపోయినా అంతే. ఏమీ లేని పోర్టుని చదివితే ఎక్కువసార్లు 255 వస్తుంది. అందులో కాగితం అయిపోయిందనే బిట్టూ 1, లోపమేమీ లేదనే బిట్టూ 1, రెండూ ఒకేసారి కనిపిస్తే నమ్మకండి. ముందు ప్రింట్ ఐఎన్‌పీ(889) అని ఒక్క లైను కొట్టి, కాగితం ఉన్నప్పుడూ తీసేసినప్పుడూ వచ్చే రెండు సంఖ్యలూ ఇక్కడ రాయండి. కాగితం తీస్తే ఇతర బిట్లూ మారొచ్చు కాబట్టి తేడా సరిగ్గా 32 ఉండాలని లేదు. రెంటిలోనూ 32 బిట్టు ఒకేలా ఉంటే అప్పుడు కేబులు సంగతి చూద్దాం.